దీపములు చవుక చేసిన ఇన్సల్ దొర

స్తంభమెక్కి తీగ కట్టువానిని మనమెల్లరము చూచుచున్నాము. కచేరీలో కూర్చుండి, రేపటి తీగ ఎచ్చటికి పోవలెను, యూనిట్టు వెల యెంత యుండవలెను అని యోచించువాడు మన కంటికి కనబడడు. ముప్పది సంవత్సరములు కరెంటు కచేరీలో లెక్కలు వ్రాసిన నాకు, అట్టివారిలో సామ్యూలు ఇన్సల్ అను ఆయన చరిత్ర మిక్కిలి నచ్చినది, బాధయు పెట్టినది.

ఆయన 1859లో లండనులో పుట్టెను. తండ్రి సామాన్యుడు, వాక్యము బోధించుచు, మద్యపానము మాన్పించుటకు పాటుపడినవాడు. 1881లో ఇన్సల్ అమెరికా వెళ్లి ఎడిసను దొరకు కార్యదర్శి ఆయెను. 1892లో పెద్ద యుద్యోగము విడిచి, తక్కువ జీతమునకు చికాగోలోని చిన్న కరెంటు కంపెనీకి అధ్యక్షుడుగా వెళ్లెను. అప్పటికి కరెంటు దీపము కలవారి యింటి వేడుక.

ఆయన యోచన యేమనగా: కరెంటును ధాన్యమువలె గాదెలో పోసి దాచలేము. సాయంత్రము అందరును ఒకేసారి దీపములు వెలిగింతురు గనుక ఆ గంటకు చాలినంత యంత్రము కొనవలెను. మిగిలిన వేళ యంత్రము ఊరకుండును. అప్పుమీద వడ్డి ఊరకుండదు. దినమునకు ఒక్క గంట దున్ను ఎద్దులకు దినమంతయు మేత వేసినట్లే గదా! 1894లో ఇంగ్లండులోని బ్రైటను పట్టణమున చిన్న అంగళ్లలో సైతము కరెంటు దీపములు చూచి, కారణము విచారించెను. అచ్చట ఆర్థరు రైటు అనునతడు చేసిన మీటరు, ఒక్కసారిగా ఎంత ఎక్కువ వాడిరో చూపుచుండెను. నిలకడగా ఎక్కువసేపు వాడువారికి వెల తగ్గును. ఇన్సల్ ఆ పద్ధతిని చికాగోకు తెచ్చెను. ట్రాము బండ్లకు, కార్ఖానాలకు, ఇండ్లకు ఒకే చోటినుండి కరెంటు పంపి, వెలను మరల మరల తగ్గించెను.

1903లో ఫిస్కు వీధిలో 5,000 కిలోవాట్ల ఆవిరి టర్బైను పెట్టించెను. మొదట దానిని తిప్పినప్పుడు, పేలునేమో, అవతలికి వెళ్లుడని ఇంజనీరు చెప్పినను ఆయన కదలలేదట. 1910 మొదలు గ్రామములవైపు తిరిగెను. చికాగోకు ఉత్తరముననున్న లేక్ కౌంటీ పల్లెలను, పొలములలోని ఇండ్లను ఒకే తీగల వరుసకు కలిపించెను. పల్లెలకు కరెంటు గిట్టదని పెద్దలనుచున్న రోజులవి! నాకు ఆయన పనులన్నిటిలో ఇదియే ప్రియమైనది.

తరువాత కంపెనీలమీద కంపెనీలు కట్టి, వాటాలను తన పనివారికి, కరెంటు వాడు సామాన్యులకు అమ్మించెను. 1929లో వాటాల బజారు పడిపోయెను. 1932లో ఆ కట్టడమంతయు కూలెను. కూడబెట్టిన సొమ్ము పెట్టిన వేలమంది నష్టపోయిరి. 1934లో విచారణ జరుగగా, ఆయన నిర్దోషియని తీర్పు వచ్చెను.

ఆ తీర్పును నేను కాదనను. అయినను మా యూరిలో ఒక చిట్టీల కంపెనీ మూతపడినప్పుడు, కుమార్తె పెండ్లికి దాచినదంతయు పోగొట్టుకొన్న విధవరాలిని నేనెరుగుదును. ఆమెను ఏ న్యాయస్థానమును పిలిచి అడుగలేదు. ఇన్సల్ చరిత్ర తెరచినప్పుడెల్ల ఆమె ముఖమే నాకు కనబడును.

ఆయన 1938లో పారిస్ నగరపు భూగర్భ రైలు స్టేషనులో గుండె ఆగి మరణించెను. ఆయన 1907లో ఏర్పరచిన కామన్వెల్త్ ఎడిసను కంపెనీ నేటికిని చికాగోకు కరెంటు చేరవేయుచున్నది. మన పెద్ద రైసు మిల్లుల బిల్లులలోను, యూనిట్ల లెక్కకు వేరుగా, గరిష్ఠ డిమాండు అని యొక పంక్తి యుండును.