పులి యెంతదూరము దూకవచ్చును?

ఆటలన్నిటికిని నియమములు గలవు; నియమములన్నిటికిని సందులు గలవు. తగవులు పుట్టునది ఆ సందులలోనే. మన కనిగిరి సీమలో పెద్దలు అరుగులమీద గీచి యాడుచువచ్చిన పులిజూదమే దీనికి మంచి నిదర్శనము.

శిఖరమునుండి దిగు నాలుగు గీతలను అడ్డగీతలు ఖండింపగా 23 స్థానము లేర్పడును. పులులు 3, మేకలు 15. మేకలవాడు వంతునకొకటిగా మేకలను పెట్టును; అన్నియు పెట్టువఱకు వానిని కదలింపరాదు. పులి మొదటినుండియు కదలుచు, ప్రక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీస్థానమునకు దూకి దానిని చంపును. మేకలకు చంపు శక్తి లేదు. పులులను కదలకుండ కట్టివేయుటయే వాని గెలుపు.

“దూకి చంపును” అను రెండు మాటలలోనే చిక్కంతయు నున్నది. మాలో పై తరగతివాడొకడు చిన్న తరగతి బాలునితో ఆడుచు, ఒక్క వంతులో వరుసగా రెండు మేకలమీదుగా దూకి రెండు చింతపిక్కలను తీసికొనెను. “కూడదని యెవరు చెప్పిరి?” అని వాని వాదము. “కూడునని యెవరు చెప్పిరి?” అని బాలుని ప్రశ్న. బాలుని కన్నులలో నీరు నిండెను. మేమందఱము చుట్టును చేరి విచారించితిమి.

డ్రాఫ్ట్సు ఆటలో వరుసగా దూకుట కలదు. కాని అందు ఇరుపక్షముల కాయలకును దూకు శక్తి సమానము. పులిజూదమున నట్లు కాదు. పులికి కోఱలు, మేకకు సంఖ్య. ఒక వంతునకు ఒక మేక మాత్రమే కదలుచుండగా పులి రెండు దూకులు దూకినచో ఆ తూకము చెడును. కావున వంతునకు ఒక్క దూకే యని నిర్ణయించితిమి. శిఖరముననున్న మేకమీదుగా ఒక గీతనుండి మఱియొక గీతకు మలుపు తిరిగి దూకవచ్చునా యని రెండవ ప్రశ్న. దూకు సూటిగా నుండవలెను గాన అదియు కూడదంటిమి.

అంతట బాలుడు ధైర్యము తెచ్చుకొని, 15 మేకలను పెట్టువఱకు పులి దూకరాదని కోరెను. దానికి మేము సమ్మతింపలేదు. మొదటినుండియు పులిభయ ముండుటచేతనే మేకను ఆలోచించి పెట్టుట అవసరమగుచున్నది. బాలుడు ఆ ఆట ఓడెను. అయినను మఱునాడు తానే గీతలు గీచి మమ్ము పిలిచెను.

ఇట్టి చిక్కు మనకే కాదు. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను సేనాధికారి 1824లో ప్రకటించిన యుద్ధక్రీడకు నియమములు విస్తారముగా నుండెను. 1876లో వెర్డీ దు వెర్నాయి అను మఱియొక సేనాని, ఆ నియమముల బరువు తగ్గించి, అనుభవశాలియగు మధ్యస్థుని తీర్పునకే ప్రాధాన్యమిచ్చెను. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను వెలువరించిరి. అందు ఆటగాండ్రు బల్లచుట్టు కూర్చుండి, వీరుల పాత్రలు ధరించి, కల్పిత మృగములతో పోరాడుదురు. ఏ శక్తి యేమి చేయగలదో పుస్తకమున వ్రాయబడి యుండును; అర్థము స్పష్టము కానిచోట ఆట నడుపువాడు తీర్పు చెప్పును.

పుస్తకము ఎంత పెద్దదైనను ప్రతి సందర్భమును ముందుగా చెప్పజాలదు. అర్థము చెప్పువాడొకడు కావలయును. అయితే ఆ యర్థమువలన లాభము పొందువాడే తీర్పరి కారాదు. చెప్పిన యర్థము నేటి పులికిని రేపటి పులికిని ఒక్కటే కావలెను. ఆట నిలుచు మార్గ మేదో ఆ యర్థమునే గ్రహింపవలెను. వీలైనచో మొదటి మేకను పెట్టకముందే ఇవియన్నియు మాటాడుకొనుట మేలు. బలముగలవాని నోట నియమము మాఱుచుండినచో చిన్నవారు ఆటకు రారు. మేకలు లేని పులికి జూద మెక్కడిది?