మాటకు పూచీ

మార్చి 5, 2025, భస్మ బుధవారం

ఇవాళ్టి నుంచి శ్రమ దినాలు. మొదలుపెట్టకముందే ఒకటి ఒప్పుకోవాలి.

పోయిన నెలలో ఒక ముసలామె భూస్థాపన జరిగింది. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాయల తొడాలు తీసిన మనిషి. ఆ రోజే నాకు ఇంకో ఊళ్లో పెళ్లి ఉంది, సాయంత్రం మరో చోట కూడిక ఉంది. బస్సులో కూర్చుని, వృద్ధురాలి భూస్థాపనకు పది నిమిషాల వర్తమానం కావాలని ఫోనులో ఏఐని అడిగాను. నిమిషంలో ఇచ్చింది. తెలుగులో తప్పుల్లేవు, సిద్ధాంతంలో దోషం లేదు. సమాధి పక్కన నిలబడి అదే చెప్పాను. మట్టి వేసి తిరిగి వస్తుంటే ఆమె కూతురు నా పక్కన నడుస్తూ అంది: "బాగా చెప్పారు అయ్యగారూ. మా అమ్మ సంగతే ఎక్కడా రాలేదు."

కోపంగా అని ఉంటే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆమె మామూలుగానే అంది. ఇరవై రోజులైనా ఆ మాట చెవిలోంచి పోలేదు. ఈస్టరు దాకా దీని గురించి తోచినది తోచినట్టు రాసి పెట్టుకుంటాను.

మార్చి 9, ఆదివారం

ఆరాధన అయ్యాక సండే స్కూలు పిల్ల ఒకతె బైబిలు పట్టుకుని వచ్చింది. యువజన కూటంలో పంచిన కాగితంలో యోహాను మూడవ పత్రిక, రెండో అధ్యాయం అని ఉందట. ఎంత వెతికినా కనబడలేదట. కనబడదు. ఆ పత్రికకు ఉన్నది ఒక్కటే అధ్యాయం.

కాగితం రాసిన కుర్రవాణ్ణి అడిగితే ఏఐ ఇచ్చిందన్నాడు. మనం బైబిలు తెరిచి వేలు పెట్టి చూసినట్టు అది చూసి చెప్పదు. తాను నేర్చుకున్న కోట్ల వాక్యాలను బట్టి ఏ మాట పక్కన ఏ మాట వస్తే కుదురుతుందో లెక్కగట్టి పేరుస్తుంది. వచనం సంఖ్యను కూడా అలాగే పేర్చగలదు. నిజమైన వచనానికీ లేని వచనానికీ దాని గొంతులో తేడా ఉండదు. అదే నన్ను భయపెట్టింది. ఆ కాగితం పెద్దవాళ్లం పదిహేను మందిమి చదివాం. వెతికి చూసింది ఆ పిల్ల ఒక్కతే.

మార్చి 15

ఫూర్త్ సంగతి మళ్లీ చదివాను. జర్మనీలో న్యూరెంబర్గ్ పక్క ఊరు. 2023 జూన్ 9న అక్కడి సెయింట్ పాల్ చర్చిలో నలభై నిమిషాల ఆరాధన జరిగింది. మా లూథరన్ల గడ్డ మీదే, ప్రొటెస్టంట్ల పెద్ద మహాసభలో భాగంగా. ప్రార్థనలు, ప్రసంగం, ఆశీర్వాదం దాదాపు అన్నీ చాట్‌జీపీటీ రాసినవి. కూర్చినవాడు వియన్నా విశ్వవిద్యాలయ వేదాంతి యోనాస్ జిమ్మర్‌లైన్. 98 శాతం యంత్రానిదేనని ఆయనే చెప్పాడు. బలిపీఠం పైన పెద్ద తెర, దాని మీద వంతులవారీగా నాలుగు మనిషి బొమ్మలు. మూడు వందల మందికి పైగా వచ్చారు. బొమ్మ ముఖంలో ఏ కదలికా లేకుండా మాట్లాడుతుంటే కొన్నిచోట్ల జనం నవ్వారట.

నన్ను పట్టుకున్నది వేరే వివరం. పరలోక ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి కొందరు గొంతు కలపలేదు. చిన్నప్పటి నుంచి కంఠస్థమైన ప్రార్థన అది. ఎవరు మొదలెట్టినా నోరు దానంతటదే కదులుతుంది. నాకు జ్వరంలో కూడా వచ్చింది. అయినా వాళ్లు మూసుకున్న నోరు తెరవలేదు.

ఎందుకై ఉంటుందా అని రాత్రంతా ఆలోచించాను. ఆ ప్రార్థనలో ఏ రోజు అన్నం ఆ రోజుకు అడుగుతాం, తప్పులు క్షమించమంటాం. ముందు నిలబడి అడిగేవాడికి కూడా ఆకలి ఉండాలి, తప్పు చేసి ఉండాలి. అన్నం అక్కర్లేనిది అన్నం కోసం ప్రార్థన నడిపిస్తే వెనక కూర్చున్నవాడి గొంతు ఎలా పెగులుతుంది?

మార్చి 23, ఆదివారం

నాకు నేనే ఎదురువాదం చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం.

ఇంకొకరు రాసిన ప్రసంగం చదవడం మా సంఘంలో తప్పు కాదు. వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకున్న రోజుల్లో లూథర్ ఆదివారాలకు, పండుగలకు ప్రసంగాలు రాయడం మొదలుపెట్టాడు. 1522లో అచ్చులోకి వచ్చాయి. సొంతంగా చెప్పలేని కాపరి వాటినే చదివి వినిపించవచ్చని ఆయన ఉద్దేశం. 1528లో సాక్సనీ పల్లెలు తిరిగి, కొందరు కాపరులకే ప్రాథమిక విషయాలు రావని చూసి, మరుసటి ఏడు చిన్న కేటకిజం రాసి ఇచ్చాడు. ఆయనకు వెయ్యేళ్ల ముందే అగస్టీన్ కూడా, చక్కగా పలకగలిగి సొంతంగా కూర్చలేనివాడు మరొకరి ప్రసంగం కంఠస్థం చేసి చెప్పవచ్చని రాశాడు.

1842లో మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘంలో పుట్టినవాణ్ణి. మా నాన్న కాపరి కాదు, పల్లె బళ్లో పంతులు. అయ్యగారు రాని ఆదివారాల్లో అచ్చు ప్రసంగాల పుస్తకం తెరిచి చదివేవాడు. జనం కళ్లొత్తుకోవడం నేను చూశాను. నాన్న చదివితే తప్పు కానిది, నేను ఫోను చూసి చెబితే ఎందుకు గుచ్చుకుంటోంది? ఇంకా తెలియలేదు.

ఏప్రిల్ 3

కాపరుల సమావేశం. ఏఐ ప్రస్తావన నేను తేలేదు, అదే వచ్చింది. పెద్దాయన ఒకరు అది అపవాది పని అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పుడొక చిన్న కాపరి లేచాడు. ఐదు ఊళ్లు చూస్తాడు. "అయ్యగారూ, మీ ఇంట్లో ఇంగ్లీషు వ్యాఖ్యానాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. నా దగ్గర బైబిలు, పాటల పుస్తకం, సెమినరీ నోట్సు ఉన్నాయి. మీరు బీరువా తెరుస్తారు, నేను ఫోను తెరుస్తాను" అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు కూడా. తెలుగులో మంచి వ్యాఖ్యాన గ్రంథాలు ఎన్ని ఉన్నాయి, వాటిని కొనే జీతం ఎందరికి ఉంది? పాత నిబంధనలో ఒక హీబ్రూ మాటకు అర్థం తెలుసుకోవడానికి ఆ కుర్రవాడు ఇన్నేళ్లూ ఎవరినో బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కర్లేదు. అతన్ని అపవాది పక్షాన నిలబెట్టడం పాపం. సమావేశం అయ్యాక వెళ్లి చేయి పట్టుకున్నాను. వచ్చినదాన్ని సరిచూసుకోమని మూడవ యోహాను సంగతి చెప్పాను. నవ్వలేదు. చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఈత మట్టలు తేవడం ఆలస్యమైంది. ఊరేగింపు ఎండలో నడిచింది. ఏఐ గురించి ఇవాళ ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన. సిలువ మీది ఏడు మాటలకు ఏడుగురు. ఇది మన తెలుగు సంఘాల్లో ఎంత మంచి అలవాటో! టీచరమ్మ, రైల్వే ఉద్యోగి, స్త్రీల సమాజం పెద్దమ్మ, డిగ్రీ కుర్రవాడు, ఒక్కొక్కరు ఒక్కో మాట మీద పదిహేను నిమిషాలు చెబుతారు. ఏడాదికి ఒక్కసారి వాక్యం మామూలు మనుషుల నోట వస్తుంది.

ఈసారి రెండో మాట చెప్పినతను ఒక చిన్న గ్రామంలోని ముసలి గడియారాల రిపేరరు కథ చెప్పాడు. నాలుగో మాటలో అదే ముసలాయన మళ్లీ వచ్చాడు. ఆరో మాటలోనూ వచ్చాడు. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదని నాకు తెలుసు. ముగ్గురూ ఫోనుతో మాట్లాడారు.

ఐదో మాట, దాహం గురించినది, పెద్దమ్మ చెప్పింది. కాగితం లేదు. కాలువ కట్టేసిన ఏడాది బిందె పట్టుకుని ఎంత దూరం నడిచిందో, ఎవరి గుమ్మం ముందు నిలబడితే నీళ్లు పోయనన్నారో చెప్పింది. ఆ గుమ్మం ఎవరిదో చెప్పలేదు. నాలుగు నిమిషాల్లో ముగించి కూర్చుంది. గుడిలో చిన్నపిల్ల ఏడుపు కూడా వినబడలేదు.

రాత్రి ఇంకో సంగతి తట్టింది. 1521లో ఇదే తారీఖున, ఏప్రిల్ 18న, లూథర్ వర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట జవాబు చెప్పాడు. అంతకు ముందు రోజు బల్ల మీద ఆయన పుస్తకాలు కుప్పపోసి రెండు ప్రశ్నలు అడిగారు. ఇవి నీవేనా, వీటిని వెనక్కి తీసుకుంటావా అని. ఒక రోజు గడువు అడిగాడు. ఆ రోజంతా ఆయన ప్రాణం ఎలా కొట్టుకుందో! మర్నాడు వచ్చి తీసుకోనన్నాడు.

నాన్న చదివిన పుస్తకానికీ నా ఫోనుకూ తేడా ఇక్కడ దొరికింది. ఆ పుస్తకం మీద ఒక పేరు ఉంది. ఇవి నీవేనా అని అడిగితే అవునని చెప్పి, దాని వల్ల వచ్చే కష్టానికి తల ఒగ్గిన మనిషి ఉన్నాడు. దాన్ని ఎంచుకుని చదివిన నాన్న సోమవారం అదే ఊళ్లో, అదే బళ్లో ఉండేవాడు. ఆయన్ని ఎవరైనా ఆపి అడగవచ్చు. గడియారాల ముసలాయన కథకు ఎవరు జవాబుదారీ? నేను సమాధి దగ్గర చెప్పిన పది నిమిషాలకు ఎవరు? చదివింది నేను కాబట్టి నేనే. కానీ అందులో నేను నమ్మి, నలిగి, తెచ్చిన మాట ఒక్కటి కూడా లేదు. పూచీ లేని మాటకు సంతకం పెట్టాను.

ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లవారుజామున నాలుగింటికి సమాధుల తోట. కొవ్వొత్తులు, బంతిపూలు. ఆ కూతురు అమ్మ సమాధికి సున్నం వేయించింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. "మీ అమ్మ గురించి చెప్పమ్మా" అన్నాను.

చెప్పింది. సాయంత్రం యార్డు నుంచి వచ్చాక మజ్జిగతో చేతులు కడిగి, ఎండేదాకా మనవరాలిని తాకేది కాదట, ఘాటు అంటుకుంటుందని. రెండు పూటలా పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు గుడికని పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేదట. పనిలేని రోజుల్లో కూడా. ఇంట్లో అందరికీ అన్నం సరిపోని రోజుల్లో కూడా. పోయిన రోజు ఆ డబ్బాలో సగం దాకా ఉన్నాయట.

ఆ బియ్యం నేను తిన్నాను. పదకొండేళ్లుగా తింటున్నాను. ఆమెను గురించి ఏఐని అడిగాను.

మే 11, ఆదివారం

కొత్త పోపు ఎన్నికై మూడు రోజులైంది. నిన్న కార్డినళ్లతో మాట్లాడుతూ లియో అన్న పేరు ఎందుకు పెట్టుకున్నారో చెప్పారు. పదమూడవ లియో 1891లో ఫ్యాక్టరీ కార్మికుల పక్షాన లేఖ రాశారు. ఇప్పుడు కృత్రిమ మేధతో అలాంటి మరో మలుపు వచ్చిందని ఈయన అభిప్రాయం. మేం రోమా సంఘం వాళ్లం కాము. అయినా ఆ మాట నాకు నచ్చింది. ప్రసంగం ఎవరు రాస్తున్నారన్న దగ్గరే మా చర్చ ఆగిపోతోంది. ఆయన పనిచేసే చేతుల దగ్గర మొదలుపెట్టారు. యార్డులో తొడాలు తీసే యంత్రాలు వస్తే ఆ ఆడవాళ్ల సంగతి ఏమిటని మా సమావేశంలో ఒక్కరం అడగలేదు.

మే 21

సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.) పిల్లల కోసం ఒకతను ఫోనులో నాలుగు మాటలు కొట్టి పాట చేయించాడు. గొంతు, డప్పు, కోరస్ అన్నీ ఉన్నాయి. పిల్లలు ఎగిరారు, ఎగరనీ. కీర్తనల పుస్తకంలోకి మాత్రం రానివ్వను. మన క్రైస్తవ కీర్తనల కింద రాసినవారి పేరుంటుంది. పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయారు. ఆయన పాట పాడుతుంటే ఇప్పటికీ ఆయన ఎవరో, దేని కోసం ఏం వదులుకున్నారో చెప్పుకుంటాం.

మే 29

ఇటుక బట్టీకి వెళ్లాను. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, తెలుగు రాదు. ఒక తల్లి పసివాణ్ణి ఒళ్లో వేసుకుని ఏదో పదే పదే అడుగుతోంది. ఇదివరకైతే తల మీద చేయి వేసి ప్రార్థన చేసి వచ్చేసేవాణ్ణి. ఫోను తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. తెలుగులో వచ్చింది. పిల్లవాడికి మూడు రోజులుగా పాలు నిలవడం లేదు, ఆసుపత్రికి వెళ్తే మేస్త్రీ కూలి కోస్తాడా అని ఆమె అడుగుతోంది. మేస్త్రీతో మాట్లాడి, ఆటోలో ఎక్కించి పంపాను. పిల్లవాడు బాగున్నాడు.

ఈ పనికి ఏఐని మనసారా దీవిస్తాను. ప్రార్థన కోసమే వచ్చిందనుకుని వెళ్లిపోయి ఉంటే?

జూన్ 14

స్విట్జర్లాండ్‌లో లూసర్న్ పట్టణంలోని సెయింట్ పీటర్ చాపెల్లో 2024లో రెండు నెలల పాటు పాపపు ఒప్పుకోలు గదిలో ఏఐ యేసు బొమ్మను పెట్టారు. వంద భాషల్లో మాట్లాడేది. దాదాపు తొమ్మిది వందల సంభాషణలు నమోదయ్యాయి. ఇది ఒప్పుకోలు కాదని, సొంత వివరాలు చెప్పవద్దని ముందే హెచ్చరించారు. మంచిదే. అదే ఏడాది ఏప్రిల్లో అమెరికాలో ఒక కతోలిక సంస్థ తెచ్చిన ఏఐ ఫాదర్ జస్టిన్ మాత్రం తాను నిజమైన గురువునని చెప్పి, పాపక్షమాపణ కూడా ఇచ్చేసింది. రోజుల్లోనే దాని గురువు వేషం తీసేశారు.

మన దగ్గర అలాంటి గది లేదు. ప్రార్థన మనవుల పెట్టె ఉంది. ఇవాళ మా కుర్రవాడొకడు సంతోషంగా వచ్చాడు. "అయ్యగారూ, రేపటి విజ్ఞాపన ప్రార్థన చూడండి, ఎంత బాగా వచ్చిందో." పెట్టెలోని చీటీలన్నీ ఫొటోలు తీసి, పేర్లతో సహా ఏఐకి ఇచ్చాడు. కూతురి కాపురం, కొడుకు తాగుడు, బయట చెప్పుకోలేని జబ్బు. ప్రేమతోనే చేశాడు. చదవకుండా గబగబా తీశాడు కాబట్టి, అందులో వాళ్లమ్మ రాసినది కూడా ఉందని గమనించలేదు. నేను దస్తూరి చూసి గుర్తుపట్టాను. అతనికి చెప్పలేదు, చెప్పను.

తప్పు అతనిది కాదు. పెట్టె తాళం నా దగ్గర ఉండాలి, లేదు.

తోటి కాపరులకు ఒక మనవి. ప్రకటనలకు, అనువాదానికి, వచనం వెతకడానికి వాడుకోండి, బైబిలు తెరిచి సరిచూసుకోండి. మన సంఘస్థుల పేర్లు, రోగాలు, కాపురాలు మాత్రం అందులో పెట్టకండి. వాళ్లు ఆ చీటీ రాసింది మనకు, దేవునికి. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ ఇంటికి వెళ్లి చెప్పండి.

ఇరవై మూడు చీటీలు, పంతొమ్మిది ఇళ్లు. రేపు ఆరాధన అయ్యాక మొదలుపెడుతున్నాను.