మారని కటకం, కొలవవలసిన దూరం

పదవీ విరమణ తరువాత నా చేతిలో కెమెరాను చూసిన మిత్రులు తరచుగా ఒక ప్రశ్న వేస్తుంటారు. "ఇంత ఖరీదు పెట్టి కొన్నారు, దీనికి జూమ్ కూడా లేదటగా?" నిజమే, లేదు. ఉన్న కటకాన్ని తీసి మరొకటి బిగించే వీలు కూడా లేదు. కొన్ననాడు ఏ కటకం ఉన్నదో కెమెరా ఉన్నంతకాలం అదే ఉంటుంది.

ఆరోగ్య విషయాలు వ్రాసే చోట కెమెరా ప్రస్తావన ఎందుకని మీకు సందేహం కలుగవచ్చు. మారని కటకాన్ని ఎంచుకోవలసిన అవసరం ఛాయాచిత్రకారులకే కాదు, శుక్లాల శస్త్రచికిత్సకు వెళ్ళే ప్రతివారికీ వస్తుంది. కెమెరా విషయంలో నెలల తరబడి ఆలోచించేవారు సైతం కంటి విషయంలో ఒక్క ప్రశ్న అడగకుండా సంతకం చేయడం నేను చూశాను. అందువలన రెండింటినీ కలిపి వ్రాస్తున్నాను.

ఈ కెమెరాల ఆకర్షణ

2011లో ఫ్యూజీఫిల్మ్ సంస్థ ఎక్స్100 అనే కెమెరాను విడుదల చేసింది. 2012లో సోనీ ఆర్ఎక్స్1, 2015లో లైకా క్యూ వచ్చాయి. రికో సంస్థ జీఆర్ పేరుతో ఫిల్ము కాలం నుంచే ఇటువంటి చిన్న కెమెరాలు చేస్తున్నది. వీటన్నిటిలోనూ పెద్ద కెమెరాలలో ఉండే పరిమాణపు సెన్సర్ ఉంటుంది. దాని ముందు, దానికోసమే రూపొందించిన ఒకే కటకం ఉంటుంది.

జూమ్ కటకంలో గాజు పలకలు ముందుకు వెనుకకు జరగాలి. అందువలన దాని పరిమాణం, బరువు పెరుగుతాయి. మారని కటకాన్ని చిన్నదిగా చేస్తూనే వెలుతురు ద్వారాన్ని పెద్దదిగా ఉంచవచ్చు. ఎఫ్/5.6 ద్వారంతో పోలిస్తే ఎఫ్/2 ద్వారం సుమారు ఎనిమిది రెట్ల వెలుతురును లోనికి రానిస్తుంది. వెలుతురు తక్కువగా ఉండే షెడ్లలో, సంధ్యవేళ కాలువ గట్లపై ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బరువు మాట వైద్యునిగా చెప్పవలసినది. రికో జీఆర్ 3 బరువు 257 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది. ఫ్యూజీ ఎక్స్100 సిక్స్ బరువు 521 గ్రాములు, లైకా క్యూ3 బరువు 743 గ్రాములు. మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు, భుజం పట్టేసినవారు ఈ అంకెలను ధరకంటె ముందు చూడాలి.

మరొక గుణం నడక. జూమ్ లేనప్పుడు దగ్గరకు వెళ్ళవలసినది మనమే. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అరవై అయిదు దాటినవారికీ ఇదే సూచన వర్తిస్తుంది. "రోజూ నడవండి" అని నేను చెప్పినప్పుడు తల ఊపి ఊరుకున్నవారు, కెమెరా చేతికి వచ్చాక కాలువ గట్టు వెంట గంటసేపు తిరిగి రావడం చూశాను.

ఏ ఫోకల్ లెంగ్త్ ఎంచుకోవాలి?

ఫోకల్ లెంగ్త్‌ను మన పాఠ్యపుస్తకాలు నాభ్యంతరం అంటాయి. అది తక్కువైతే చిత్రంలో ఎక్కువ మేర పడుతుంది, ఎక్కువైతే తక్కువ మేర పడుతుంది. రికో జీఆర్ 3, లైకా క్యూ3లలో 28 మిల్లీమీటర్లకు సమానమైన దృశ్యం వస్తుంది. ఎక్స్100 వరుసలో 35, జీఆర్ 3ఎక్స్‌లో 40, లైకా క్యూ3 మరొక రూపంలో 43 మిల్లీమీటర్లు. పేర్లు, ధరలు చూసి తికమక పడనవసరం లేదు. ఒక చిన్న లెక్క చాలు. మీరు నిలబడిన దూరాన్ని 36తో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. అడ్డంగా పట్టుకున్న కెమెరాలో ఎంత వెడల్పు పడుతుందో తెలుస్తుంది.

ఈ లెక్కను పెడనలో వేసి చూద్దాం. గుడివాడ నుంచి బందరు పోయే రైలు మార్గంలో, బందరుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఇది. బందరు కలంకారీ అని ప్రపంచం పిలిచే అచ్చు అద్దకానికి నేడు ముఖ్య కేంద్రం పెడనే. అద్దకపు షెడ్డులో బల్లల మధ్య చోటు ఇరుకు. కరక్కాయ నీటిలోను పాలలోను ముంచి ఆరబెట్టిన బట్ట బల్లపై పరచి ఉంటుంది. పనివారు టేకు అచ్చును రంగు మెత్తపై నొక్కి, గురి చూసి బట్టపై ఉంచి, పిడికిలితో ఒక దెబ్బ వేస్తారు. వారికి అడ్డు రాకుండా మనం నిలబడగలిగేది రెండు మీటర్ల దూరంలో. అక్కడి నుంచి 28తో సుమారు 2.6 మీటర్ల వెడల్పు పడుతుంది: మనిషి, బల్ల, పక్కన పేర్చిన అచ్చులు, వెనుక వ్రేలాడే బట్టలు. 35తో రెండు మీటర్లు: మనిషి, అతని పని. 50తో 1.4 మీటర్లు: మనిషి మాత్రమే. మరి కొంచెం కావాలంటే వెనుకకు జరగడానికి గోడ అడ్డం.

నేను 35 ఎంచుకున్నాను. షెడ్డులో అది చాలినంత వెడల్పు. బయటికి వస్తే మాది కొండలు లేని డెల్టా నేల. 28తో తీసిన చిత్రంలో ఆకాశము, వరిచేలు నిండిపోయి మనిషి చీమంత అవుతాడు. ఇది నా అవసరం. మీది వేరు కావచ్చు. మనుమల ముఖాలే మీకు ముఖ్యమైతే 40 గాని 43 గాని మేలు. అరమీటరు దూరంలో నుంచి తీసిన ముఖంలో ముక్కు పెద్దదిగా కనిపించడానికి కారణం కటకం కాదు, దూరం. ముక్కు చెవులకంటె కెమెరాకు బాగా దగ్గరగా ఉండడమే దానికి హేతువు. కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడితే ఈ వికారం తగ్గుతుంది. 40 వంటి కటకం మనలను అంత దూరంలో నిలబెడుతుంది.

50 మిల్లీమీటర్ల కటకం కంటిచూపుతో సమానమనే మాట మీరు వినే ఉంటారు. అది శాస్త్రీయం కాదు. రెండు కళ్ళు కలిసి అడ్డంగా సుమారు 180 డిగ్రీల మేర చూస్తాయి. కాని అక్షరాలు చదవగలిగేంత స్పష్టత మధ్యలో రెండు డిగ్రీల మేరకే ఉంటుంది. ఏ కటకమూ కన్ను కాదు. మీరు ఇతరులకు ఎంత దూరంలో సహజంగా నిలబడతారో కొలుచుకోండి. దానిని బట్టి ఎంచుకోండి.

చత్వారం ఉన్నవారికి ఒక హెచ్చరిక

జీఆర్ వంటి కెమెరాలలో కన్ను ఆనించి చూసే గవాక్షం లేదు. వెనుక తెర మాత్రమే ఉంది. చత్వారం వచ్చినవారికి చదువుకునే అద్దాలు లేకుంటే ఆ తెర మసకగా ఉంటుంది. ఎక్స్100, లైకా క్యూలలో గవాక్షం ఉంది; దాని పక్కనున్న చిన్న చక్రాన్ని త్రిప్పి మన చూపుకు తగినట్లు డయాప్టర్ సరిచేసుకోవచ్చు. కొనే ముందు దుకాణంలో, మీరు రోజూ పెట్టుకునే అద్దాలతోనే, దీనిని పరీక్షించండి.

కంటిలో అమర్చే మారని కటకం

మన కంటికి మొత్తం 60 డయాప్టర్ల శక్తి ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు నల్లగ్రుడ్డు మీది పారదర్శక పటలానిది. మిగిలినది లోపలి కటకానిది. బాల్యంలో ఆ కటకం తన వంపును మార్చుకొని దగ్గరివి, దూరపువి చూపిస్తుంది. వయస్సుతో అది గట్టిపడుతుంది. నలభై దాటాక చత్వారం వస్తుంది. తరువాత అది మసకబారితే దానిని శుక్లం అంటాము. 1949 నవంబరు 29న లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు తొలిసారిగా కంటిలో కృత్రిమ కటకాన్ని అమర్చాడు. నేడు మన దేశంలో ఎక్కువమందికి అమర్చేది ఒకే దూరానికి నాభి కుదిరే కటకం.

కెమెరా కటకానికి, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎక్స్100 కటకం జూమ్ కాకపోయినా, దగ్గరి వస్తువుకైనా దూరపు వస్తువుకైనా ఫోకస్ కుదుర్చుకుంటుంది. కంటిలో అమర్చిన కటకం ఆ పని కూడా చేయలేదు. ఏ దూరానికి అమర్చారో ఆ దూరానికే స్పష్టత; మిగిలిన దూరాలకు అద్దాలు కావాలి.

నేను కంటి వైద్యుణ్ణి కాను, సాధారణ వైద్యుణ్ణి. అయినా ఈ విషయం నా ముందుకు వచ్చింది. అచ్చులు చెక్కే ఒక పెద్దాయన, అరవై దాటినవాడు, ఒకనాడు సంతోషంగా వచ్చాడు. "డాక్టరు గారూ, అద్దాలు లేకుండానే ఉలిమొన కనబడుతోందండీ. కళ్ళు బాగుపడుతున్నాయి గదా, ఇంక ఆపరేషను దేనికండీ?" అన్నాడు. అవి బాగుపడడం లేదు. శుక్లం కటకం నడిమిభాగంలో ముదురుతున్నప్పుడు దాని శక్తి పెరిగి, హ్రస్వదృష్టి కలుగుతుంది. అప్పుడు దగ్గరి చూపు కొంతకాలం తిరిగి వచ్చినట్లుంటుంది. ఆ తరువాత అదీ మసకబారుతుంది. అప్పటికే అతనికి సాయంకాలం సైకిలు తొక్కడం కష్టమైంది.

అతని భయానికి కారణం లేకపోలేదు. సాధారణంగా కృత్రిమ కటకాన్ని దూరపు చూపుకు అమర్చుతారు. అలా అమర్చితే అతనికి రోడ్డు కనిపిస్తుంది, చెక్క కనిపించదు. చదువుకునే అద్దాలు పెట్టుకోవచ్చు. కాని రోజుకు ఎనిమిది గంటలు తల వంచి చెక్కేవానికి, చెక్కపొడి, చెమట మధ్య అద్దాలు ముక్కు మీద నిలవవు. అతని చేత పనిముట్లు తెప్పించి, అలవాటుగా కూర్చొనే తీరులో కూర్చోబెట్టి, కంటికి చెక్కకు మధ్య దూరాన్ని టేపుతో కొలిచాను. 33 సెంటీమీటర్లు. ఆ దూరానికి స్పష్టత కావాలంటే మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టిని కావాలని మిగల్చాలి. ఆ కొలతను కాగితంపై వ్రాసి శస్త్రచికిత్స చేసే వైద్యునికి పంపాను. వారు పరీక్షించి, అతనితో మాట్లాడి, దగ్గరి చూపుకే కటకం అమర్చారు. ఇప్పుడు అతను అద్దాలు లేకుండా చెక్కుతాడు. సైకిలు ఎక్కేటప్పుడు అద్దాలు పెట్టుకుంటాడు.

అందరికీ ఇదే తగినదని కాదు. వాహనం నడిపేవారికి, పొలం పని చేసేవారికి దూరపు చూపే ముఖ్యం. అద్దకం వేసేవారి కంటికి, బట్టకు మధ్య దూరం చెక్కేవారి దూరం కంటె ఎక్కువ. నేత, కుట్టుపని, కంప్యూటరు, దేనికదే వేరు. వైద్యుడు కంటి పొడవును, పటలపు వంపును యంత్రంతో కొలిచి కటకపు శక్తిని లెక్కిస్తాడు. ఆ యంత్రానికి మీ వృత్తి తెలియదు. మీరే చెప్పాలి.

వెళ్ళే ముందు చేయవలసినవి

మీరు రోజులో ఎక్కువసేపు చేసే పని ఏదో నిర్ణయించుకోండి. ఆ పనిలో మీ కంటికి, వస్తువుకు మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉన్నాయో ఇంటిలో ఎవరిచేతనైనా కొలిపించండి. ఆ అంకెను వ్రాసుకొని వెళ్ళి, "ఈ దూరం నాకు అద్దాలు లేకుండా కావాలి, వీలవుతుందా? అలా చేస్తే ఏ దూరానికి అద్దాలు వాడవలసి వస్తుంది?" అని అడగండి. రెండవ కంటికి ఏ దూరం అమర్చుతారో కూడా అడగండి. రెండు కళ్ళ మధ్య తేడా ఎక్కువైతే కొందరికి ఇబ్బంది కలుగుతుంది.

కెమెరా నచ్చకపోతే అమ్మివేసి మరొకటి కొనవచ్చు. కంటిలో అమర్చిన కటకాన్ని తీసి మార్చడం సాధ్యమే గాని, అది మరొక శస్త్రచికిత్స. దాని ప్రమాదాలు దానికున్నాయి. టేపుతో కొలవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ పని తేదీ తీసుకోకముందే చేయండి.