సరమ వచ్చిన వేసవి

మామిడితోట గల కుటుంబానికి వేసవి విశ్రాంతి కాలం కాదు. ఏడాది పొడవునా చెట్టుకు చేసిన సేవ ఫలించి చేతికందే రోజులవి. పరీక్షలు ముగించుకొని నగరాల నుంచి వచ్చే పిల్లలకు మాత్రం అది ఆటవిడుపు. పెద్దల శ్రమ, పిన్నల సంబరం ఒకే చెట్టు నీడలో సాగడం తోట జీవితంలోని సొగసు. ఆ నీడలోకి ఒక మూగప్రాణి వచ్చి చేరితే ఇంటికి సంబరంతోపాటు బాధ్యత కూడా వస్తుంది. ప్రేమకూ బాధ్యతకూ గల ఈ సంబంధాన్ని నూజివీడు ప్రాంతంలోని ఒక తోటలో గడిచిన వేసవి చక్కగా తెలియజేస్తుంది.

పూర్వం కృష్ణా జిల్లాలో ఉండి 2022లో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు మామిడికి పెట్టింది పేరు. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టరు అని జనం పిలిచే తోతాపురి అక్కడ విస్తారంగా కాస్తాయి. ఆ ప్రాంతంలో ఆరెకరాల తోటను సాగుచేసుకొంటున్న వృద్ధ దంపతుల వద్దకు ఏప్రిల్ నెలాఖరున హైదరాబాదు నుంచి మనుమరాలు, మనుమడు వచ్చారు. ఆమె ఎనిమిదో తరగతి, తొమ్మిదేళ్ళ తమ్ముడు నాలుగో తరగతి చదువుతున్నారు. వారు వచ్చిన మూడవ నాడు వేకువజామున మోటారు వేయడానికి వెళ్ళిన తాతయ్యకు కాలువగట్టు మీద ఒక గోనెసంచి కనిపించింది. సంచి మూతిని పురికొసతో కట్టి ఉంచారు. లోపల ఏదో కదులుతున్నది. ముడి విప్పగానే గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి తల బయటపెట్టి, వెలుగుకు కళ్ళు చికిలించింది. దాని వయస్సు రెండు నెలలకు మించదు.

"ఆడపిల్ల గనుకనే పారేశారయ్యా. మగదైతే ఈపాటికి ఎవరో ఒకరు పట్టుకుపోయేవారు. రేపు ఇది పిల్లల్ని పెడితే వాటినెవరు సాకుతారు?" అన్నాడు తోట కాపలాదారు.

"పిల్లలు పుట్టకుండా పశువుల డాక్టరుగారు ఆపరేషను చేస్తారు. దానికింకా సమయముంది. ముందు దీని ప్రాణం నిలవాలి" అన్నాడు తాతయ్య.

భారత భాగవతాలు చదవడం ఆయనకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. అందువల్ల కుక్కపిల్లకు 'సరమ' అని పేరు పెట్టాడు. పేరు వింతగా తోచిన మనుమనికి ఇలా వివరించాడు. "సరమ దేవతల శునకం. ఆమె బిడ్డ సారమేయుడు. కుక్కను సారమేయమని అనడం అలా వచ్చిందే." "ఆ సారమేయుడు ఏం చేశాడు తాతయ్యా?" అని బాలుడు అడిగాడు. "సమయం వచ్చినప్పుడు చెబుతాలే" అని ఆయన నవ్వాడు.

ఆ వారంలోనే సరమను పశువైద్యశాలకు తీసుకువెళ్ళారు. వైద్యుడు నులిపురుగుల మందు వేసి, రేబిస్ టీకాకు మూడు నెలల వయస్సు నిండాలని, ఏ తేదీన తీసుకురావాలో కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని మనుమరాలు పాక గుంజకు అంటించింది.

తోటలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండ ముదరకముందే కాయను చిక్కంతో కోసి దించాలి. కాయకు కొంత తొడిమ ఉండేటట్లు కోయకపోతే సొన కారి తొక్క నల్లబడుతుంది. సొన పడిన కాయకు బజారులో ధర రాదు. అది చేతికి అంటితే చర్మం పొక్కుతుంది. ఉదయం కోసిన కాయలను నీడలో గడ్డి మీద పరచి, రకాలవారీగా ఏరి గంపలకెత్తుతారు. ఈ హడావుడిలో సరమ అందరి కాళ్ళకూ అడ్డం పడుతూ, రాలిన ఆకుల వెంట పరుగెత్తుతూ, ఖాళీ గంపలో దూరి నిద్రపోతూ పనివారికి కూడా వినోదమైంది. మధ్యాహ్నం కాగానే అది చెట్టు పాదులోని తడిమట్టిని కాళ్ళతో తవ్వి, ఆ గుంటలో పొట్ట ఆనించి పడుకొనేది.

"అది అంతగా రొప్పుతుందేం?" అని బాలుడు కంగారుపడ్డాడు. మనిషికి ఒళ్ళంతా చెమట పట్టి వేడి తగ్గుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దానికి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళలోనే. నాలుక చాపి రొప్పడం ద్వారానే అది శరీరంలోని వేడిని బయటకు పంపుతుంది. అందుచేత వేసవిలో దానికి నీడ, నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. తాతయ్య ఈ సంగతి చెప్పిన నాటి నుంచి మట్టిమూకుడులో పూటపూటకూ నీరు మార్చడం తమ్ముని పని అయింది. ఒంటికి పట్టిన పిడుదులను ఏరడం అక్క పని. అమ్మమ్మ పెరుగన్నం పెట్టేది. అయితే ఆమె ఒక కట్టడి చేసింది. "మామిడి టెంక మాత్రం దాని నోటికి అందనివ్వకండి. మింగిందంటే పేగుల్లో అడ్డం పడుతుంది." మామిడితోటలో ఆ కట్టడి పాటించడం సులభం కాదు. పిల్లలు పళ్ళు తిన్న చోటు నుంచి టెంకలను ఏరి గోతిలో పూడ్చడం కూడా వారి దినచర్యలో చేరింది.

మే రెండవ వారంలో ఒకనాడు ఇంట ఆవకాయ పెట్టారు. ముక్కలు కొట్టేవారు, ఆవపిండి కలిపేవారు, జాడీలు తుడిచేవారు అందరూ ఆ పనిలో మునిగి ఉండగా, సరమ ఎక్కడినుంచో ఒక టెంక పట్టుకువచ్చి కొరకసాగింది. అమ్మమ్మ మాట గుర్తుకు వచ్చి బాలుడు దానిని లాగివేయబోయాడు. ఆకలిగొన్న పిల్ల గుర్రుమని పట్టు విడువలేదు. సూదులవంటి పాలపళ్ళు రెండు అతని మణికట్టులో దిగాయి. రక్తం వచ్చింది. టెంక చేతికి వచ్చింది. కాని బాలుడు కేక వేయలేదు, ఎవరికీ చెప్పలేదు.

అందుకు రెండు కారణాలున్నాయి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడుస్తారని కాపలాదారు చెప్పగా అతడు విని ఉన్నాడు. కరిచిందని తెలిస్తే సరమను తరిమివేస్తారేమోనన్న దిగులు అంతకంటె పెద్దది.

మరునాడు ఉదయం మండే ఎండలో మనుమడు పొడుగు చేతుల చొక్కా తొడుక్కొని తిరగడం అమ్మమ్మ చూసింది. "ఇంత ఉక్కలో ఆ చొక్కా ఏమిటి నాయనా? ఇలా రా" అని దగ్గరకు పిలిచి చేయి పైకెత్తింది. రహస్యం బయటపడింది.

అప్పుడు ఆ ముంగిట రెండు రకాల మాటలు వినవచ్చాయి. "కరవడం మరిగిన కుక్కను ఉంచకూడదయ్యా" అంటూ కాపలాదారు కర్ర అందుకొన్నాడు. కాయల బేరానికి వచ్చిన పొరుగు రైతు, "పాలు మరవని పిల్ల, దానికి పిచ్చేమిటి? కాస్త సున్నమూ పసుపూ అద్దితే అదే మానుతుంది" అన్నాడు. ఒకటి కోపం చెప్పిన మాట, మరొకటి అలవాటు చెప్పిన మాట. తాతయ్య రెండింటినీ అంగీకరించలేదు. ముందుగా కాపలాదారు చేతిలోని కర్రను మెల్లగా తీసుకొని పక్కన పెట్టాడు. ఆ తరువాత మనుమని కుళాయి వద్దకు తీసుకువెళ్ళి, గాయాన్ని సబ్బుతో రుద్ది, ధారగా పడే నీటికింద పదిహేను నిమిషాలపాటు కడిగాడు. సున్నం గాని, పసుపు గాని, కారం గాని ఏదీ అద్దనివ్వలేదు. వెంటనే పట్టణంలోని ప్రభుత్వాసుపత్రికి బయలుదేరారు.

రేబిస్ క్రిమి వ్యాధిగ్రస్తమైన జంతువు లాలాజలంలో ఉంటుంది. గాయం ద్వారా ప్రవేశించి నాడుల వెంట మెదడును చేరుతుంది. వ్యాధి లక్షణాలు పొడసూపిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసంభవం. అంతకుముందే తగిన చికిత్స చేయిస్తే దానిని నివారించవచ్చు. చిన్నపిల్ల కరిస్తే ప్రమాదం లేదనుకోవడం ఒక భ్రమ. కుక్కపిల్లలకూ ఈ వ్యాధి సోకుతుంది. పైగా సరమ ఎక్కడ పుట్టిందో, దాని తల్లి ఎటువంటిదో తెలియదు. టీకా వేయించే వయస్సు దానికింకా రాలేదు. వైద్యుడు ఇవన్నీ విని, రక్తం వచ్చిన గాయం కనుక దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ మందు ఎక్కించి, టీకా మొదటి మోతాదు వేశాడు. శరీరం సొంతంగా రక్షణ సమకూర్చుకొనేలోగా ఆ మందు కాపాడుతుందని చెప్పాడు.

బొడ్డు చుట్టూ పొడుస్తారేమోనని కళ్ళు మూసుకొన్న బాలుని చూసి ఆయన నవ్వి, ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 డిసెంబరులోనే ఆపివేశారని ధైర్యం చెప్పాడు. ఇప్పుడు చేతికే వేస్తారు. 3వ, 7వ, 28వ రోజుల్లో తప్పక రావాలి, అంతే. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ రూపొందించిన రేబిస్ టీకాను అందుకొన్న జోసెఫ్ మైస్టర్‌కు కూడా అప్పుడు తొమ్మిదేళ్ళేనని, అతడు బ్రతికి పెద్దవాడై పాశ్చర్ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడని కూడా చెప్పాడు. ఆ కథ విన్న తరువాత బాలునికి సూది నొప్పి పెద్దగా తోచలేదు.

కరిచిన కుక్కను చంపరాదని, తరిమివేయరాదని, పదిరోజుల పాటు కంటిపాపలా కనిపెట్టి ఉండాలని వైద్యుడు చెప్పాడు. ఆ పదిరోజుల్లో అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని లాలాజలంలో క్రిమి లేదని తెలుస్తుంది. సరమను పాక పక్కన వేపచెట్టు నీడలో కట్టివేశారు. పిల్లలను దగ్గరకు పోనివ్వలేదు. దూరం నుంచే మూకుడు కర్రతో నెట్టి నీరు, అన్నం పెట్టే బాధ్యతను ముందు రోజు కర్ర ఎత్తిన కాపలాదారుకే తాతయ్య అప్పగించాడు.

ఆ రాత్రి ఆరుబయట నులక మంచాల మీద పడుకొన్నప్పుడు, వాయిదా పడిన కథను తాతయ్య చెప్పాడు. జనమేజయ మహారాజు దీర్ఘకాలం సాగే యజ్ఞం చేస్తుండగా సారమేయుడు ఆడుకొంటూ అక్కడికి వచ్చాడు. ఏ తప్పూ చేయలేదు. అయినా రాజు తమ్ములు ఆ పిల్లను కొట్టారు. అది ఏడుస్తూ తల్లి వద్దకు పోయింది. సరమ నిండుసభకు వచ్చి రాజును నిలదీసింది. మంచి చెడ్డలు విచారించకుండా దీనులకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోయింది. నన్నయ భట్టారకుడు ఆదిపర్వంలో భారత కథారంభంలోనే ఈ వృత్తాంతాన్ని తెలుగువారికి అందించాడు. చివర మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడు.

"సరమ నన్ను కరిచింది కదా తాతయ్యా, మరి దాని తప్పు లేదా?" అని బాలుడు అడిగాడు.

"ఆకలితో నోటిలోని దాన్ని కాపాడుకొంది. నువ్వు దాని ప్రాణం కాపాడాలని లాగావు. ఎవరి తప్పూ లేదు నాయనా. కాని గాయం దాచకూడదు. దాచితే నీకూ ఆపద, దానికీ అపవాదు" అన్నాడు తాతయ్య.

పదిరోజులు గడిచాయి. సరమ ఆరోగ్యంగా, మునుపటికంటె ఒళ్ళు చేసి, తోక ఊపుతూ కట్టు విప్పించుకొంది. అయినా బాలునికి టీకాలు మానలేదు. రోహిణి ఎండలు ముగిసి మృగశిర కార్తె ప్రవేశించే నాటికి అతడు చివరి మోతాదు కూడా పూర్తి చేసుకొన్నాడు. మూడు నెలలు నిండిన సరమకు కూడా రేబిస్ టీకా పడింది. చెట్లపై కాయ పలుచబడి తొలకరి చినుకు పడింది. బడులు తెరిచే వేళ కావడంతో పిల్లలు నగరానికి ప్రయాణమయ్యారు. వెళ్ళేముందు అక్కాతమ్ముళ్ళు కూర్చొని కొత్త కాగితం రాశారు. నీరు మార్చే వేళలు, టెంకల సంగతి, మరుసటి ఏడు వేయించవలసిన టీకా తేదీ, ఆపరేషను విషయం అన్నీ అందులో ఉన్నాయి. కాపలాదారు దానిని తానే పాక గుంజకు అంటించి, వాన తడపకుండా పైన ప్లాస్టిక్ సంచి కట్టాడు.

కుక్కపిల్లను ఎత్తుకొని ముద్దుచేయడం ఎవరికైనా చేతనవుతుంది. ముద్దు తీరిన తరువాత దానిని గోనెసంచిలో కట్టి గట్టుమీద పారవేసేవారూ ఒకనాడు దానిని ముద్దుచేసినవారే కావచ్చు. మూగప్రాణిపై ప్రేమ నిలవాలంటే దాని ఆకలిని, దాహాన్ని, దానివల్ల కలుగగల ప్రమాదాన్ని కూడా తెలుసుకోవాలి. తెలిసినదానిని వేళకు ఆచరించాలి. నిరపరాధిని కొట్టకపోవడం ఎంత ధర్మమో, గాయాన్ని అశ్రద్ధ చేయకపోవడం అంతే ధర్మం. పసివాని ప్రాణాన్నీ కుక్కపిల్ల ప్రాణాన్నీ ఒకే వేసవిలో నిలిపినది ఈ రెండు ధర్మాల కలయికే.