జేరే సుర్ఖ్, పరారుణం, మా బేటీ సీటు

నేను చదివింది ఉర్దూ మీడియం. మా సైన్స్ కితాబులో 'జేరే సుర్ఖ్ షుఆయేఁ' అని ఉండేది. ఎరుపుకి కింద ఉండే కిరణాలు అని మతలబ్. తర్వాత పోటీ పరీక్షల కోసం తెలుగు పుస్తకాలు తిరగేస్తుంటే అదే చీజ్ 'పరారుణ కిరణాలు' అని కనబడింది. అరుణానికి అవతల ఉన్నవి. ఒక జబాన్ కిందకి చూడమంటుంది, ఇంకో జబాన్ అవతలికి చూడమంటుంది. రెండూ చెప్పేది మన కళ్లకు అందని ఒకే రోష్నీ గురించి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడగొట్టి, ఎరుపు పక్కన ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే వేడి అక్కడే ఎక్కువ చూపించింది. అలా దొరికింది ఇది.

ఈ మధ్య మళ్లీ దీని గురించి చదవాల్సి వచ్చింది. కారణం మా బేటీ. ఇంటర్ ఎంపీసీ పాసై, బీఎస్సీ ఫిజిక్స్ చేస్తానంటోంది. మా ఆపా ఫోన్ చేసి, "క్యా కరేగీ రే ఫిజిక్స్ పఢ్ కే? బీఈడీ చేయించు, మంచి సంబంధం వస్తుంది" అంది. జవాబు చెప్పే ముందు నాకైనా ఆ ఫిజిక్స్ ఏం చేస్తుందో తెలియాలి కదా.

ప్రతి పదార్థంలోనూ అణువులు ఊగుతూనే ఉంటాయి. కొవ్వుది ఒక ఊపు, ప్రోటీన్‌ది ఇంకో ఊపు. పరారుణ రోష్నీ పడితే తమ ఊపుకి సరిపోయే హిస్సాని అవి మింగేస్తాయి. బయటికొచ్చిన వెలుగులో ఏది తగ్గిందో చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. రంగు వేయక్కర్లేదు, ముక్కను పాడుచేయక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. మరీ చిన్న చోటు చూడాలంటే మామూలు దీపం చాలదు. సూది బెజ్జంలోంచి చిమ్నీ వెలుగు పంపినట్టు ఉంటుంది.

అక్కడే సింక్రోట్రాన్ కావాలి. ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో పరిగెత్తించి, అయస్కాంతాలతో మలుపు తిప్పితే, ఆ మలుపు దగ్గర అవి రోష్నీ చిమ్ముతాయి. అందులోని పరారుణ భాగం మామూలు దీపం కన్నా వంద నుంచి వెయ్యి రెట్లు తీక్షణం. దాన్ని ఖుర్ద్‌బీన్, అదే మైక్రోస్కోప్, గుండా పంపితే వెంట్రుక మందం కన్నా ఎంతో చిన్న చోటుని కూడా చదవొచ్చు. కేన్సర్ కణానికీ మంచి కణానికీ తేడా, ఎముకలో ఖనిజం ఎలా పేరుకుంది, పాత చిత్రంలో పొర కింద పొర ఏ రంగు. తోలు మీద రాసిన పాత రాతప్రతిలో కొల్లాజెన్ ఇంకా గట్టిగా ఉందా, జెలటిన్‌గా మారిపోతోందా అన్నది కూడా చెప్పేస్తుంది. ఏ పుటని ముందు కాపాడాలో దాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

మన దేశంలో ఇండోర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది. కానీ నా దిల్ ఆగిపోయింది జోర్డాన్ దగ్గర. అమ్మాన్‌కి దగ్గర్లో అల్లాన్ అనే ఊళ్లో 'సెసమీ' ఉంది. 'ఖుల్ జా సిమ్ సిమ్'లోని సిమ్ సిమే అది. బెర్లిన్‌లో పని ముగించుకున్న బెస్సీ-1 యంత్రాన్ని జర్మనీ ఇచ్చేస్తే, దాని భాగాలకు 133 మీటర్ల చుట్టుకొలత గల కొత్త వలయం జోడించి కట్టారు. ఇరాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా, పాకిస్తాన్, ఈజిప్టు, తుర్కియే, సైప్రస్, జోర్డాన్ ఇందులో సభ్యులు. న్యూస్ డెస్క్ మీద ఇన్నేళ్లలో ఈ పేర్లు ఒకే ఖబర్‌లో వచ్చాయంటే అది జంగ్ ఖబరే.

అంతా సుఖంగా ఏమీ జరగలేదు. సెసమీతో సంబంధం ఉన్న ఇద్దరు ఇరాన్ శాస్త్రవేత్తలు, మసూద్ అలీమొహమ్మదీ, మజీద్ షహ్రియారీ, 2010లో హత్యకు గురయ్యారు. 2013 డిసెంబర్‌లో మంచు బరువుకి కప్పు కూలిపోయింది. అయినా పని ఆపలేదు. 2017 మే నెలలో ప్రారంభమైంది. మరుసటి ఏడాది ఇన్ఫ్రారెడ్ విభాగం పనిలోకి వచ్చింది. జంగ్‌ని అది ఆపలేదు, ఆపుతుందనీ ఎవరూ అనలేదు. దుష్మన్ దేశాల వాళ్లు వంతులవారీగా ఒకే రోష్నీ వాడుకుంటున్నారు, అంతే. నాకు ఆ 'అంతే' చిన్నదిగా కనబడలేదు.

ఆ ఇన్ఫ్రారెడ్ విభాగం బాధ్యత చూసిన శాస్త్రవేత్త పేరు గిహాన్ కామెల్. ఈజిప్టు మహిళ. ఆమె ఫోటో మా బేటీకి చూపించబోతే, "అబ్బా, నాకు తెలుసు" అంది. నా కన్నా ముందే చదివేసిందన్నమాట!

ఆపాకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. సింక్రోట్రాన్ సంగతి ఆమెకు పట్టలేదు. "హాస్టల్లో ఒంటరిగా ఎలా ఉంటుంది రా" అంది. అసలు భయం అదీ. దానికి నా దగ్గర ఏ సైన్సూ లేదు. ఆ ఫికర్ నాకూ ఉంది, మా ఆవిడకీ ఉంది. ఫికర్ ఉన్నంత మాత్రాన ఇల్మ్ దారి మూసేస్తామా?

నిన్న సీటుకి ఫీజు కట్టేశాను. దువా చేయండి.