నిప్పు ఏ వైపున ఉన్నా

నోరు తెరవమంటే ఎవరైనా నాలుక చాపి చూపిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన పెద్దావిడలైతే తల వెనక్కి వాల్చమని, టార్చి పైకి తిప్పి, ముందు అంగిలి చూస్తాను. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్ల పక్కన, నాలుక అంచున వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. మా సముద్రపు ఒడ్డున మాత్రం అదేమీ వింత కాదు. కారణం అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం.

చూడనివాళ్లకు నమ్మశక్యం కాదు. పెదాలు బిగించి, నిప్పు నాలుకకూ అంగిలికీ తగలకుండా మధ్యలో నిలబెట్టి, రెండు చేతులతో పని చేసుకుపోతుంటారు. గాలికి ఆరదు, నీళ్లలో దిగినా తడవదు, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ రాలదు. ఎందుకలా అని ఎవరిని అడిగినా ఇలాంటి కారణమే ఏదో ఒకటి చెబుతారు. అసలు సంగతి, ఇంట్లో అత్త కాలిస్తే కోడలికి వచ్చింది. ఈ పద్ధతి మొగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ.

ఈ అంగిలి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న లంకెను విశాఖపట్నం వైద్యులు 1950లలోనే రాసిపెట్టారు. తర్వాత డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ అలవాటున్నవాళ్లే. చదువుకునే రోజుల్లో ఆ వ్యాసం చూసినప్పుడు నన్ను ఆపేసింది ఆ అంకె కాదు. అదే పొగాకు, అదే చుట్ట. తిప్పి పెట్టుకునేసరికి జబ్బు చోటు మార్చుకుంది. తలరాత అనుకునేది ఇంత కచ్చితంగా నిప్పు వెంట నడుస్తుందా?

అందుకే 'రిస్క్' అనగానే నాకు జాతకం గుర్తుకు రాదు. ఏది, ఎంత, ఎన్నేళ్లు, ఏ విధంగా అన్న లెక్క గుర్తుకొస్తుంది.

ఒక మామ్మ సంగతి చెబుతాను. (ఆనవాళ్లు మార్చాను.) కారం తగిలితే నోరు మండుతోందని కోడలు తీసుకొచ్చింది. "అలవాట్లేమైనా ఉన్నాయా మామ్మా?" అన్నాను. "నాకేటి అలవాట్లు బావూ, టీ కూడా తాగను" అంది. కోడలు మెల్లగా, "సుట్ట కాలుస్తాదండి" అంది. మామ్మకు కోపం వచ్చింది. "సుట్ట అలవాటేటే!"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో అలవాటంటే సారా, పేకాట. చుట్ట పొద్దున లేస్తే ముఖం కడుక్కోవడంలాంటిది. మా ప్రాంతంలో పనిచేసే వైద్యులు అలవాట్లున్నాయా అని అడగరు. రోజుకెన్ని చుట్టలు, నిప్పు లోపలా బయటా అని అడుగుతారు.

అంగిలంతా తెల్లబారి ఉంది, మధ్యలో ఎర్రటి పుళ్లు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని వచ్చింది. ఇంకా కాదు. మానేస్తే ఈ మచ్చలు చాలావరకు తగ్గుతాయని చెప్పాను. ఇది రోగిని బుజ్జగించడానికి చెప్పే మాట కాదు. పొగాకు వాడే పల్లెవాసులను ఏళ్ల తరబడి కలుస్తూ, మానమని ఒప్పిస్తూ, నోళ్లు పరీక్షిస్తూ మన దేశంలో చేసిన పెద్ద అధ్యయనంలో శ్రీకాకుళం కూడా ఉంది. మానినవాళ్లలో ఈ మచ్చలు బాగా తగ్గాయి. నోటి క్యాన్సర్ ప్రమాదం కూడా మానేసిన అయిదు నుంచి పదేళ్లలో సగానికి దిగుతుంది. అరవై దాటాక మానితే ఏం లాభం అనేవాళ్లకు నేను చెప్పే సంగతి ఇదే.

మూడు నెలలకు మామ్మ మళ్లీ వచ్చింది. ఎర్రదనం తగ్గింది. మానేసిందనుకుని సంతోషించబోయాను. "నిప్పు బయటికెట్టినాను గదా బావూ, ఇప్పుడు మంచిదేగా!" అంది. సగం గెలిచానో సగం ఓడానో తేల్చుకోలేకపోయాను. అంగిలికి సెగ తప్పింది, నిజమే. పొగాకులోని విషం మాత్రం అదే. ఈసారి ఊపిరితిత్తుల దారి పడుతుంది.

ఆ రోజు మామ్మ కంటే కోడలే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ముప్పయ్యో ఏట ఆమెకు పెద్దాపరేషన్ అయిపోయింది. తెల్లబట్ట అవుతోందని వెళితే, ఎక్కడో ఎవరో 'వదిలేస్తే కేన్సరవుతాది' అన్నారట. పుస్తెలు తాకట్టు పెట్టి గర్భసంచి తీయించుకుంది. అండాశయాలు కూడా తీసేశారు. ఇప్పుడు నడుం నొప్పి, ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల్లో బలం లేదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ముందువరుసలో ఉంటాయి. నాకు ఇది చుట్ట కంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఎందుకంటే ఇది అలవాటు కాదు, అమ్ముడుపోయిన భయం.

తెల్లబట్ట క్యాన్సర్ కాదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి రుజువు చేసినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకినవాళ్లలో చాలామందికి దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసినవాళ్లలో కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. అంత వ్యవధి ఇచ్చే జబ్బుకు ముప్పై ఏళ్లకే కత్తి ఎందుకు? మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేలమంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినవాళ్లలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్కసారి! తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకైతే టీకానే ఉంది. కోడలికి ఇవన్నీ చెప్పి, "మీ పాప ఏ క్లాసమ్మా?" అని అడిగాను. ఆరో తరగతట.

ఇక పట్నపు భయాలు వేరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు, బాబాయి గొంతు క్యాన్సర్‌తో పోయాడని బెదిరి, ఫోన్లో ప్రశ్నలు రాసుకుని వచ్చాడు. మైక్రోవేవ్, సెల్‌ఫోన్, ప్లాస్టిక్ డబ్బా, పంచదార. నాకు వస్తుందా, మా రక్తంలో ఉందా? మొత్తం క్యాన్సర్లలో తల్లిదండ్రుల నుంచి నేరుగా సంక్రమించే జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి అయిదు నుంచి పది అని చెప్పాను. బాబాయి సిగరెట్లు, మందు రెండూ గట్టిగా వాడేవాడట. ఆ రెండూ కలిస్తే గొంతుకు జరిగే హాని కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. "మరి మా తాతగారు తొంభై ఏళ్లదాకా బీడీలు కాల్చారండీ" అన్నాడు. ఈ తాతగారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. హెల్మెట్ లేకుండా నలభై ఏళ్లు బండి నడిపి గీత పడనివాళ్లూ ఉంటారు. పడినవాళ్లు వచ్చి మనతో వాదించరు కదా.

"నోరు తెరవండి" అన్నాను. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. అతనికి రెండే పట్టాయి. బుగ్గల లోపల చేత్తో తడిమితే తాళ్లు కట్టినట్టు గట్టిగా తగిలింది. "గుట్కా?" "ఛీ, లేదండీ. భోజనం తర్వాత స్వీట్ సుపారీ. ఆఫీసులో కూడా డబ్బా ఉంటుంది." గుట్కా కాకపోతే ఏం, వక్క చాలు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. ఆ గట్టిదనం మీదనే కొందరికి తర్వాత క్యాన్సర్ పుడుతుంది.

మానేస్తే నోరు మళ్లీ పూర్తిగా తెరుచుకుంటుందా అని అడిగాడు. పూర్తిగా కాదు, ఇంకా మూసుకుపోకుండా ఆపగలం, వ్యాయామాలు చేయాలి, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి అన్నాను. జేబులోంచి పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మైక్రోవేవ్ సంగతి చెప్పలేదండీ."

"గాజు గిన్నెలో అన్నం వేడి చేసుకుని తినవయ్యా" అన్నాను.