పెట్రోలు ముల్లుతో పేచీ

అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో ఇంకా ప్రాణంగా చూసుకుంటున్నవాళ్లు నలుగురు కలిశారంటే, మాటలు ఎక్కడ మొదలైనా పెట్రోలు ముల్లు దగ్గరికి రాకుండా పోవు. సగం చూపిస్తూనే బండి ఆగిపోయిందండీ అని ఒకరంటారు. మాది ట్యాంకు నింపినా మూడొంతులు దాటదండీ అని ఇంకొకరు. ఆ పక్కనే ఉన్నాయన చప్పున ఒక సలహా పడేస్తాడు: మీటరు మార్చి పారేయండి! ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చాలా బళ్లలో డాష్‌బోర్డు మీదున్న ఆ మీటరుకి ఏ రోగమూ ఉండదు. రోగమంతా వెనకాల, ట్యాంకు దగ్గర ఉంటుంది. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. బండితో పాటు పుట్టిన మీటరుని పీకేశాక, అవే అంకెలు, అదే డయలు ఉన్నది మళ్లీ కావాలంటే ఎన్ని పాత సామాన్ల కొట్లు తిరగాలో మీకు తెలియనిది కాదు.

అసలు ఈ ముల్లు చేసే పనేమిటో చూడండి. ట్యాంకులో ఒక ఫ్లోటు తేలుతుంటుంది. దానికో చెయ్యి, ఆ చేతి రెండో కొసన ఒక చిన్న రేకు. సన్నటి తీగ చుట్టిన పట్టీ మీద ఆ రేకు అటూ ఇటూ జరుగుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ రేకు చోటు మారి, కరెంటుకి తగిలే అడ్డు మారుతుంది. ముల్లు చూపించేది ఆ అడ్డునే తప్ప పెట్రోలుని కాదు. ఈ ఏర్పాటంతా కలిపి మన మెకానిక్కులు ట్యాంకు యూనిట్ అంటారు. ముల్లు లేకుండానే నడిచిన బళ్లూ ఉన్నాయి లెండి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి 1960ల మొదటి వరకు పెట్రోలు మీటరే లేదు, కాళ్ల దగ్గర రిజర్వు మీట ఉండేది. తొలినాటి సిట్రోయెన్ 2సీవీలో అయితే ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవడమే.

మీ బండిలో ఏ రకం మీటరుందో తెలుసుకోవడానికి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. తాళం తిప్పి ముల్లు వంక చూడండి. టక్కున లేచి నిలబడి, మలుపుల్లో ఊగిసలాడిందంటే లోపల రెండు కాయిల్స్ ఉన్న పాత రకం. నింపాదిగా, కొన్ని సెకన్లు తీసుకుని పైకి పాకిందంటే అది వేడికి వంగే జంటలోహపు పట్టీ ఉన్న రకం. ఆంగ్లేయుల బళ్లలో 1960ల నడిమి నుంచి ఈ రెండోది బాగా వాడుకలోకి వచ్చింది. ఈ తేడా పట్టుకున్నారంటే సగం పని అయినట్టే. ఎందుకంటే ఈ రెండూ తప్పు చూపించే తీరు వేరు.

ఇప్పుడు ట్యాంకు యూనిట్ మీదున్న వైరు పీకండి. తాళం తిప్పి ముల్లు చూడండి. తర్వాత ఆ వైరు కొసని బాడీకి, శుభ్రమైన ఇనుము ఉన్నచోట, కాసేపు తాకించి మళ్లీ చూడండి. మామూలుగా కాయిల్స్ రకమైతే వైరు పీకినప్పుడు ఫుల్లు, బాడీకి తాకిస్తే ఖాళీ చూపిస్తుంది. జంటలోహపు రకం సరిగ్గా దీనికి తలకిందులు. దీన్ని మాత్రం ఎక్కువసేపు తాకించి ఉంచకండి, లోపలి సన్న తీగ వేడెక్కి పాడవుతుంది. వైరు తాకించేచోట చిన్న నిప్పురవ్వ లేవచ్చు కాబట్టి ట్యాంకు మూత బిగించి ఉండాలి, పెట్రోలు వాసన బొత్తిగా ఉండకూడదు. ముల్లు ఆ కొస నుంచి ఈ కొసకి నిండుగా తిరిగిందా? అయితే మీటరూ, దానికి వెళ్లే వైరూ బాగున్నట్టే. ఇక దాని జోలికి వెళ్లకండి. కదలకపోతే అప్పుడు వైరు వెంట ముందుకు నడవాలి. పాత బళ్లలో డిక్కీ మూల, సీటు కింద, కార్పెట్ అడుగున తెగిన వైర్లు ఎన్నో.

ఇంకో సంగతి. కాయిల్స్ రకం బండిలో వైరు తెగితే ముల్లు ఎప్పుడూ ఫుల్లు చూపిస్తుంది. ఖాళీ చూపిస్తే బంకుకి వెళ్లి పోయించుకుంటాం, పెద్ద నష్టం లేదు. నిండుగా ఉందని ధైర్యం చెప్పి, అర్ధరాత్రి శ్రీశైలం ఘాటులో వదిలేసే ముల్లే ప్రమాదం.

మీటరు బాగుందని తేలాక చూడవలసింది ఎర్త్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ట్యాంకు యూనిట్ నుంచి కరెంటు ట్యాంకు ఒంట్లోంచి బాడీకి చేరాలి. ట్యాంకుకి తుప్పు, దాని కింద రబ్బరు పట్టీ, మొన్నెప్పుడో మురిపెంగా కొట్టించిన కొత్త రంగు, ఇవన్నీ ఆ దారికి అడ్డమే. బండికి పెయింటింగ్ చేయించాక ముల్లు పాడైందంటే నేను అడిగే మొదటి ప్రశ్న, ఎర్త్ బోల్టు కింద రంగు గీకారా అని. బోల్టు విప్పి, రింగు కింద గరుకు కాగితంతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్ది, యూనిట్ ఒంటి నుంచి బాడీకి విడిగా ఒక వైరు కలపండి. ఎన్నో బళ్ల జబ్బు ఇక్కడితో వదిలిపోతుంది.

వదల్లేదనుకోండి, యూనిట్ బయటికి తియ్యాలి. ముందు బ్యాటరీ వైరు విప్పండి, బీడీ, సిగరెట్టు ఉన్న మనిషిని ఆమడ దూరం పంపండి. యూనిట్‌ని ట్యాంకుకి పట్టి ఉంచే రింగు బిగుసుకుంటే దాన్ని ఇనప ఉలితో కాదు, ఇత్తడి కడ్డీతో తట్టండి. బయటికి వచ్చాక ఫ్లోటుని చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమందంటే సూదిమొనంత చిల్లు పడి పెట్రోలు దూరిందన్నమాట. అలాంటి ఫ్లోటు మునిగిపోతుంది, ముల్లు పైకి లేవదు. ఇత్తడి ఫ్లోటుని ఆరుబయట, పొయ్యికి దూరంగా, బక్కెట్లో పోసిన వేడినీళ్లలో ముంచితే చిల్లు ఎక్కడుందో బుడగలే చెబుతాయి. లోపల చుక్క మిగలకుండా పూర్తిగా ఆరాక, మంట తగలనివ్వకుండా సోల్డరింగ్ కాడతో సన్నగా మాటు పెట్టించండి. మాటు మందమైతే ఆ బరువుకే ఫ్లోటు కుంగుతుంది. మళ్లీ వేడినీళ్లలో ముంచినప్పుడు ఒక్క బుడగ కూడా రాకపోతే పని కుదిరినట్టు.

ఫ్లోటు బాగుంటే తీగ చుట్టిన పట్టీని వెలుగులో పట్టుకుని చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బండి ఎక్కువ రోజులు ఏ మట్టం దగ్గర తిరిగిందో, అక్కడ తీగ అరిగి తళతళలాడుతుంటుంది. సగం దగ్గరికి రాగానే ముల్లు గిలగిల కొట్టుకునేది అందుకే. రేకుని కాస్త వంచి ఒత్తిడి పెంచితే కొన్నాళ్లు నడుస్తుంది. తీగే తెగితే కొత్త యూనిట్ తప్పదు. అక్కడే చాలామంది మోసపోతారు. యూనిట్ ట్యాంకు కన్నంలో పట్టినంత మాత్రాన సరిపోదు. జనరల్ మోటార్స్ వారి పాత లెక్క ఖాళీకి 0 ఓములు, నిండుకి 90. వీడీఓ వారిది 10 నుంచి 180. జంటలోహపు ఆంగ్లేయ మీటర్లకి ఖాళీ దగ్గర ఇంచుమించు 240 ఉండి, నిండేకొద్దీ తగ్గాలి. ఒకదాని యూనిట్ ఇంకోదానికి పెడితే ముల్లు జన్మలో నిజం చెప్పదు. కొనేముందు మల్టీమీటరు పెట్టి కొలవండి, కొట్టువాడు విసుక్కున్నా సరే.

పెట్రోలు ముల్లుతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా ఎక్కువ చూపిస్తుంటే కథ వేరు. జంటలోహపు మీటర్లకి డాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెలో సగమంత స్టెబిలైజరు ఉంటుంది. అది కరెంటుని కలుపుతూ, తెంపుతూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. దాని ఎర్త్ పోయినా, లోపలి కాంటాక్టు అతుక్కుపోయినా బ్యాటరీ వోల్టేజీ మొత్తం మీటర్ల మీద పడుతుంది. స్టెబిలైజరు నుంచి మీటర్లకి వెళ్లే కొస దగ్గర టెస్టు ల్యాంపు పెడితే మినుకుమినుకుమనాలి. నిలకడగా వెలిగిందంటే ముందు దాని ఎర్త్ చూడండి, అది బాగుంటే దాన్నే మార్చండి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమని పీలుస్తుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. యూనిట్ విప్పిన రోజే దాని కింది గ్యాస్కెట్‌ని ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్చేయండి, ట్యాంకు అడుగున తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. లైటరు మాత్రం వెలిగించకండి మహాప్రభో.

ఇంత చేసినా ముల్లు పై సగం నెమ్మదిగా, కింది సగం గబగబా దిగితే కంగారు పడకండి. ఫ్లోటు కొలిచేది ఎత్తుని. ట్యాంకు వంకరటింకరగా ఉన్నప్పుడు ఎత్తు సగమైతే పెట్రోలు సగం కావాలని లేదు. దీనికి మందు ఒకటే. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక అయిదేసి లీటర్లు పోయిస్తూ, ప్రతిసారీ బండిని చదునైన నేల మీద ఆపి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఖాళీ గీత దగ్గర ఇంకా పది లీటర్లు ఉందో, ఒక్క లీటరే ఉందో అప్పుడు తెలుస్తుంది. ఒక్కటే ఉంటే యూనిట్ మళ్లీ తీసి, ఫ్లోటు చేతిని పిసరంత పైకి వంచండి: మట్టం ఇంకా ఎక్కువ ఉండగానే ముల్లు ఖాళీకి రావాలంటే, రేకు ఉన్నచోటే ఉండి ఫ్లోటు మాత్రం కాస్త ఎత్తున కూర్చోవాలి. నాలుగైదు లీటర్లు మిగిలి ఉండగా ఖాళీ చూపించేలా పెట్టుకున్నారంటే, ముల్లు ఖాళీకి వచ్చాక కూడా బంకు దాకా ధైర్యంగా వెళ్లొచ్చు.